ఆదెప్ప ఉడకబెట్టిన కంబళి

బెళుగుప్పకు పడమర పక్కనున్న ఆ ఊళ్లో ఒకప్పుడు కురుబల వీధి పొడుగునా కంబళి మగ్గాలుండేవి. వానలు తప్పేకొద్దీ గొర్రెలు తగ్గాయి, గొర్రెలు తగ్గేకొద్దీ మగ్గాలు తగ్గాయి. నేసేవాళ్ల పిల్లలు బెంగళూరుకు పోయి గోడలు కట్టే పనిలో చేరారు. చివరికి ఆదెప్ప మగ్గం ఒక్కటే మిగిలింది.

ఆదెప్ప తక్కువ మాటల మనిషి. కంబళి కొనడానికి వచ్చినవాడు బేరమాడుతుంటే జవాబు చెప్పకుండా ఒక కొస వాడి చేతికిచ్చి, ఇంకో కొస తను పట్టుకుని గట్టిగా లాగేవాడు. పోగు కదలకపోతే అదే జవాబు. మాటలన్నీ భార్య తిరుపాలమ్మవి. పొద్దున ఉన్ని ఏకి, వసారాలో రాట్నం ముందు కూర్చుని, నూలు తీస్తూ వీధిలో పోయే ప్రతి మనిషినీ పలకరించేది. మొగుడి పనితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఒప్పుకునేది కాదు. "నూలు నాది. నా నూలు లేకుంటే ఈయప్ప గుంటలో కూసున్న కప్పే కదా" అనేది. గుంట మగ్గంలో నడుం దాకా దిగి కూర్చున్న ఆదెప్ప తలెత్తకుండానే నవ్వేవాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు, పుష్పావతి. బత్తలపల్లెలో ఇచ్చారు. అల్లుడు రామాంజనేయులు సరుకుల ఆటో తోలుతాడు.

కంబళి గురించి ఆ వీధిలో పుట్టిన ప్రతివాళ్లకూ తెలిసిన సంగతి ఒకటుంది. నూలుబట్టకు మైల అంటుతుంది, ఉతకాలి. కంబళికి అంటదు. బాలింత దాని మీద పడుకుంటుంది, చావు ఇంట్లో దాన్నే పరుస్తారు, బీరప్ప గుడిలో పూజారి కూర్చునేదీ దాని మీదే. ఏ మైలా గొర్రె ఉన్నిని పట్టదని నమ్మకం. అందుకే కంబళిని ఎవరూ నీళ్లలో ముంచరు. దులిపి ఎండలో వేస్తారు, అంతే. వేడినీళ్లు తగిలితే ఉన్ని కుంచించుకుపోయి చెక్కలా గట్టిపడుతుంది. కాబట్టి ఉతకకపోవడం పని తెలిసినవాడి జాగ్రత్త కూడా.

రెండువేల ఇరవై ఒకటి వేసవిలో రోగం రెండోసారి విరుచుకుపడినప్పుడు సంతలు మూసేశారు. అయినా గొర్రెలకు ఉన్ని కత్తిరించే కాలం ఆగదు కదా. ఉరవకొండ దాపుల పొలాల్లో మంద నిలిపిన గొర్రెలవాళ్ల దగ్గరికి ఆదెప్ప ఉన్ని కోసం పోయాడు. అక్కడ ఒక కాపరి చలిజ్వరంతో వణికిపోతూ పడున్నాడు. ఆదెప్ప తన భుజం మీదున్న కంబళి తీసి అతనికి కప్పాడు. రాత్రంతా పక్కన కూర్చుని నీళ్లు తాగించాడు. తెల్లవారి జ్వరం తగ్గాక అదే కంబళి భుజాన వేసుకుని, ఉన్ని మూట ఎత్తుకుని ఇల్లు చేరాడు.

ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. వసారాలో పడుకున్న తిరుపాలమ్మ చలిగా ఉందంది. ఆదెప్ప ఆ కంబళే తెచ్చి కప్పాడు. దులపలేదు కూడా.

అతనికి కొంచెం ఒళ్లు నొప్పులు వచ్చి పోయాయి. ఆమెకు పోలేదు. ఊపిరి ఆడక కూర్చుంటే పడుకోలేక, పడుకుంటే లేవలేక అవస్థ పడింది. అల్లుడు ఆటో తెచ్చి అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. లోపలికి ఆమెను మాత్రమే పంపించారు. ఆదెప్ప గేటు బయట వేపచెట్టు కింద ఉండిపోయాడు. చనిపోయిందని అల్లుడి ఫోనుకు చెప్పారు. మూట కట్టిన శరీరాన్ని తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు దించి పూడ్చారు. ఇతన్ని దూరంగా నిలబడమన్నారు, నిలబడ్డాడు. మొహం చూడలేదు.

ఇంటికి వచ్చిన మరుసటి రోజు ఇంట్లో ఉన్న కంబళ్లన్నీ దొడ్లోకి ఈడ్చి నిప్పుపెట్టాడు. కప్పింది ఒక్కటే. కాల్చినవి మాత్రం అన్నీ. అమ్మకానికి మడిచిపెట్టినవీ, బీరప్ప గుడికని ముడుపు కట్టినదీ కూడా. ఉన్ని మండదు, కమురుతుంది. వెంట్రుకలు కాలిన వాసన వీధంతా పట్టింది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త గోడ అవతల నుంచే చూసి, మంచిపని చేశావని మెచ్చుకుని పోయింది. ఆదెప్ప ఎందుకు కాల్చాడో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు.

అప్పటి నుంచి అతను ఇంట్లో పడుకోవడం మానేశాడు. ఖాళీగా ఉన్న గొర్రెల దొడ్లో మంచం వేసుకున్నాడు. తన కంచం, తన చెంబు వేరు. నీళ్ల తొట్టి దగ్గర నిలబడి చేతులు కడుక్కోవడం మొదలుపెడితే తోలు తెల్లబడి పగిలేదాకా కడిగేవాడు. పుష్పావతి వస్తే వాకిట్లో ఆ కొసన కూర్చోమని, తను ఈ కొస నుంచి మాట్లాడేవాడు. ఆమె వండి పెట్టిపోయిన సంగటి, ఆమె బస్సెక్కాక తినేవాడు. కూతురు అది దుఃఖం అనుకుంది. కాలం గడిస్తే తగ్గుతుందనుకుంది.

కాలం గడిచింది. సంతలు తెరిచారు, బస్సులు నిండాయి, పెళ్లిళ్లు జరిగాయి. మూతికి గుడ్డలు కట్టుకోవడం జనం మరిచిపోయారు. ఆదెప్ప మాత్రం కట్టుకునే తిరిగాడు. ఎదురొచ్చిన మనిషిని చూసి వీధి అంచుకు ఒదిగి నిలబడేవాడు. పక్కింటి సుంకన్న గొర్రెలు కాస్తాడు, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినవాడు. అతను కూడా ఊరుకోలేక ఒకరోజు టీ అంగడి ముందు అందరి మధ్యా అనేశాడు.

"ఏమప్పా ఆదెప్పన్నా, కరోనా మమ్మల్ని ఇడ్సిపెట్టి పాయ. నువ్వెందుకు ఇంగా దాన్ని ఇడ్సిపెట్టవు?"

అంగడి నవ్వింది. ఆదెప్ప టీ తాగకుండానే వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత వీధిలోకి రావడమే తగ్గించాడు. మగ్గం గుంటలో ఎలుకలు మన్ను తోడాయి. రాట్నం చక్రానికి సాలెగూడు పట్టింది.

ఆ ఊరికి వచ్చే ఏఎన్ఎం సువార్త. టీకా వేయించుకోని వాళ్లను వెతికి వెతికి పట్టుకునేది. బడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆదెప్పను పిలిపించింది. వచ్చాడు గానీ కుర్చీకి నాలుగు బారల దూరంలో ఆగిపోయాడు.

"చెయ్యి చాపన్నా."

"నన్ను ముట్టుకోవద్దు తల్లీ."

"ముట్టుకోకుండా సూది యెట్ల ఏసేది? ఆడినుంచి ఇసిరేదా?"

వరుసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. సువార్త నవ్వలేదు. అతని చేతులు చూసింది. వేళ్ల సందుల్లో పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది. అందర్నీ పంపించేదాకా అతన్ని అక్కడే కూర్చోమంది. వరండా ఖాళీ అయ్యాక, నిద్ర పడుతోందా, తింటున్నావా అని మామూలుగా అడుగుతూ పోయింది. ఆదెప్ప చాలాసేపు మెట్టు మీద మన్ను గీకుతూ ఉండి, చివరికి కాపరి సంగతి, కంబళి సంగతి చెప్పాడు. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట అది.

సువార్త తనకు తెలిసిన నిజం చెప్పింది. మనసు తేలికపడుతుందనే చెప్పింది.

"కంబళితో వచ్చేది తక్కువన్నా. ఊపిరితో వస్తాది. దగ్గితే, దగ్గర కూసోని మాట్లాడితే."

"ఊపిరితోనా?"

"ఎక్కువగా దాంతోనే."

ఆదెప్ప తలూపాడు. "ఆ మనిషి పక్కన రేయంతా కూసున్నా. ఇంటికొచ్చి ఆయమ్మ పక్కన కూసున్నా. అట్లయితే కంబళి కాదు. నేనే."

అంతవరకూ తప్పు కంబళిది. దొడ్లో కాలి బూడిదైంది. ఇప్పుడా తప్పు మనిషి లోపలికి వచ్చి కూర్చుంది, ఊపిరిని కాల్చడానికి వీల్లేదు. సువార్త ఆ రోజు వేయాల్సిన సూది సంగతి మరిచిపోయి, తిన్నగా అడిగింది.

"సచ్చిపోవాలని అనిపిస్తాందా అన్నా?"

"అనిపిస్తాది. సస్తే నన్ను ఎత్తేది ఎవురు? వాళ్లకూ అంటుతాది కదా."

దుఃఖపడుతూ చెప్పిన మాట కాదది. మగ్గం గురించి చెప్పినట్టే చెప్పాడు. సువార్త అక్కడే నిలబడి పుష్పావతికి ఫోను చేసింది. సుంకన్నను పిలిచి, పగలూ రాత్రీ ఒక కన్ను ఇతని మీద ఉంచమని గట్టిగా చెప్పింది. టీ అంగడి దగ్గర తను అన్న మాటకు సుంకన్న మొహం చిన్నబోయింది. ఆనాటి నుంచి దొడ్డి గోడకు అవతల తన మంచం వేసుకున్నాడు.

కూతురూ అల్లుడూ వచ్చి అనంతపురంలో మనసు రోగాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆటోలో ముందు కూర్చోవడానికి ఆదెప్ప ఒప్పుకోలేదు. వెనక టమాటా పెట్టెలు వేసే చోట, దుమ్ములో, అంత దూరమూ గాలికి ఎదురుగా కూర్చుని వచ్చాడు. డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. ఇది కూడా రోగమేనని, మందుందని, మెల్లగా తగ్గుతుందని చెప్పి మాత్రలు రాశాడు. ఆదెప్ప వాటిని తప్పకుండా మింగేవాడు. రోజులు గడిచాక నిద్ర వచ్చింది. చేతులు కడగడం కొంచెం తగ్గింది. సువార్త వచ్చినప్పుడల్లా అడిగేది, అతను పరవాలేదనేవాడు. పడుకుంటే నిద్ర పట్టేది. లేస్తే మాత్రం నిన్నటి పొద్దే మళ్లీ ఎదురుగా ఉండేది.

అలా ఉండగా పుష్పావతికి ఆడపిల్ల పుట్టింది.

ఆ ఇంట్లో తొలిచూలు బిడ్డకు పేరు పెట్టే రోజున తల్లి పుట్టింటి నుంచి నల్ల కంబళి రావాలి. తల్లిని కన్న తాత దాన్ని తన చేత్తో పరిచి బిడ్డను దాని మీద పడుకోబెడతాడు. అప్పుడే పేరు పిలుస్తారు. నేసే ఇంటి బిడ్డకు అది కొన్న కంబళి కాకూడదు. పుష్పావతి ఫోను చేసి అడిగింది. తనకు చేతకాదని, మగ్గం పాడైందని ఆదెప్ప చెప్పాడు. కూతురు వినలేదు.

"నీ మనవరాలు అంగడి రగ్గు మీద పండుకోవాల్నా నాయనా? నువ్వు బతికుండంగనే?"

ఫోను పెట్టేశాక ఆదెప్ప ఇంట్లోకి పోయాడు. దూలానికి వేలాడదీసిన గంపలో తిరుపాలమ్మ వడికిన నూలు ఉండలు ఇంకా ఉన్నాయి. కంబళ్లు కాల్చిననాడు నూలు జోలికి పోలేదు. తొలికత్తెర గొర్రెపిల్ల ఉన్ని, రంగు వేయని నలుపు, సన్నగా ఒకే తీరున వడికినది. ఆమె ఇంకెప్పుడూ వడకదు. ఉన్నది అంతే. ఒక పెద్ద కంబళికి చాలదు, పసిబిడ్డ కంబళికి సరిపోతుంది.

గుంటలో మన్ను తీశాడు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, గంజి కాచాడు. పడుగు దారాలు వీధిలో సాగదీసి ఒక పక్క గంజి పూసి, అది ఆరిపోకముందే చుట్టూ నడిచి రెండో పక్కకు పోయి కుంచెతో తోమాడు. మామూలుగా అది ఇద్దరి పని. సుంకన్న గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ, రానా అని అడిగాడు. వద్దన్నాడు. కానీ వద్దన్న గొంతులో మునుపటి భయం లేదు, పనిలో ఉన్న మనిషి విసుగు ఉంది. సుంకన్న ఆ సంగతి సువార్తకు ఫోను చేసి మరీ చెప్పాడు.

మగ్గం చప్పుడు మళ్లీ వీధిలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఆదెప్ప వేళకు తిన్నాడు. ఒకసారి చేతులు కడగకుండానే పడుకున్నాడు. లేచాక గుర్తొచ్చి ఆశ్చర్యపోయాడు. నేత నున్నగా, గట్టిగా వచ్చింది. అంచు ఎక్కడా వంకర పోలేదు. అంత మంచి కంబళి అతను అంతకుముందు నేసి ఉండడు.

కోసి మగ్గం మీంచి తీశాడు. ఇక కొసల పని. అంచున మిగిలిన పోగుల్ని రెండేసి పురిపెట్టి ముడి వేసి, ముడికి దగ్గరగా మిగిలిన దారాన్ని పంటితో కొరికెయ్యాలి. కంబళి నేసేవాళ్లెవరూ దానికి కత్తెర పట్టరు, పన్ను తెంపినంత దగ్గరగా కత్తెర తెంపదు. చేతికి పని పడితే నోరు తనంతట తనే వంగుతుంది. ఆదెప్ప ఒక అంచు పూర్తి చేసి, రెండో అంచులో సగం దాటాక, పెదవికి అంటుకున్న ఉన్ని పోగును వేలితో తీసుకున్నాడు. పోగు తడిగా ఉంది.

వేలి మీద ఆ పోగు వైపు చూస్తూ ఉండిపోయాడు. మూతి గుడ్డ ఎప్పుడో మెడ మీదికి జారింది. కంబళి పొడుగునా, ప్రతి ముడి దగ్గరా, తన నోరు పడింది. తన ఊపిరి పడింది. దీని మీదే బిడ్డ మొహం పెట్టేది.

పొయ్యి వెలిగించాడు. సంగటి వండే పెద్ద కుండ ఎక్కించాడు. నీళ్లు మసలుతుండగా సబ్బుపొడి వేసి, కంబళిని అందులో వేసి, కర్రతో అదిమి పట్టాడు. ఏమవుతుందో అతనికి తెలుసు. ఆ ఊళ్లో అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తెలిసీ కర్ర వదలలేదు. నీళ్లు నల్లబడ్డాయి, చింతగంజి విరిగి నురగలో తేలింది. చాలాసేపటికి బయటికి తీసి పిండబోతే అది పిండుకోలేదు. సగానికి సగం కుంచించుకుపోయి, మందంగా, గోడకు ఆనిస్తే నిలబడేంత గట్టిగా అయింది. తిరుపాలమ్మ నూలులో ఒక్క పోగూ ఇక విడిగా కనపడదు.

దాన్ని తలుపు పక్కన గోడకు ఆనించి, ఇంట్లోకి పోయి మగ్గం గుంట గట్టు మీద కూర్చున్నాడు. ఏడవలేదు. సాయంత్రం కూతురు ఫోను చేస్తే, నేయలేదన్నాడు. ఎందుకని అడిగితే, నేయలేదు అని మళ్లీ అదే అన్నాడు. పేరు పెట్టే రోజు బత్తలపల్లెకు పోలేదు. సుంకన్న ఎంత పిలిచినా తినలేదు. మాత్రల డబ్బా విప్పలేదు.

పేరు పెట్టడం అయిన కొద్దిరోజులకే పుష్పావతి చెప్పకుండా వచ్చింది. సుంకన్న ఫోను చేశాడని తర్వాత తెలిసింది. బిడ్డను చంకనేసుకుని వాకిట్లోకి రాగానే ఆదెప్ప చూసి, లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

"నాయనా."

"దగ్గరికి రావద్దు. పసిబిడ్డను ఎత్తుకొచ్చినావే, బుద్ధుండాదా నీకు?"

"లేదు. నీ కూతుర్నే కదా."

ఆమె గడప ముందు చతికిలబడింది. గోడకు ఆనించి ఉన్న నల్లటి చెక్కలాంటిది అప్పుడు కళ్లబడింది. చేతిలోకి తీసుకుంది. అంచున ముడులు చూసింది, సగంలో ఆగిపోయిన ముడులు. దూలానికి వేలాడే గంప ఖాళీగా ఉండటం కిటికీలోంచి కనిపించింది. నేసే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

"అమ్మ నూలు" అంది. "అమ్మ నూలు ఉడకబెట్టినావా నాయనా?"

పుష్పావతి ఏడ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, బిడ్డను దాని మీద పెట్టుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుని, ఏడుపు ఆగాక మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు.

"అందరూ నీ తప్పు లేదనే చెప్పినారు. నేనూ చెప్పినా. నువ్వు నమ్మలేదు. ఇంగ చెప్పను. నువ్వే అంటించినావు నాయనా. అమ్మ నీవల్లనే పాయ. సరేనా? నాకు కోపం లేదనుకున్నావా? ఉండాది. శానా ఉండాది. కోపం ఉండాదని నాకు నాయనే లేడనుకోవాల్నా?"

ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు, వెంటనే వెనక్కి పోతున్న అడుగుల చప్పుడు. పుష్పావతి తలుపు తోసింది. ఆదెప్ప మగ్గం గుంటకు అవతల, ఎదుటి గోడకు వీపు ఆనించి, మూతికి గుడ్డ కట్టుకుని నిలబడి ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు.

ఆమె లోపలికి పోలేదు. ఆ గట్టిపడిన కంబళిని గడప మీద పరిచి బిడ్డను పడుకోబెట్టింది. బిడ్డ కాళ్లు ఆడించింది.

"ఎవురి మాదిరి ఉండాది, చెప్పు."

ఆదెప్ప మెడ చాచి చూశాడు. "ఈడినుంచి తెలీదు."

"అయితే దగ్గరికి రా."

ఆదెప్ప గుంట వైపు ఒక అడుగు వేశాడు. అక్కడే ఆగాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. పుష్పావతి ఎదురుచూసింది. మధ్యాహ్నం బస్సు పోయింది, అయినా చూసింది. అతను ఇంకో అడుగు వేయలేదు.

సాయంత్రం బస్సు వేళకు ఆమె దొడ్లో అతని మంచం దగ్గర మాత్రల డబ్బా వెతికి తీసి, ఒకటి గడప మీద పెట్టి, నీళ్ల చెంబు పక్కన పెట్టి, బిడ్డను ఎత్తుకుని దూరం జరిగింది. అతను వచ్చి తీసుకుని మింగాడు. బిడ్డ ఒక చంకన ఉండగా, కంబళిని చెక్క పలకలా ఇంకో చంకన పెట్టుకుని ఆమె వాకిలి దిగింది.

"అదెందుకు తీసుకపోతాండావు?" అడిగాడు ఆదెప్ప. "ఈడ పెట్టు. బిడ్డకు వద్దు."

"అయితే వచ్చి లాక్కో."

లాక్కోవాలంటే దగ్గరికి పోవాలి. కూతురి చేతిలోంచి, బిడ్డ పక్కనుంచి తీసుకోవాలి. అతను గడప దాకా వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాడు. పుష్పావతి కాసేపు ఆగి, నడక సాగించింది. ఆమె గోడ మలుపు దాటుతుండగా అతను కేకేశాడు.

"ఎండలో పెట్టు దాన్ని. నిండా ఎండనీ."

"పెడతా" అంది, తిరిగి చూడకుండా.

బస్సు వచ్చి ఆగింది, పోయింది. సుంకన్న గోడ అవతల నుంచి, అమ్మాయి ఎక్కిందిలే అని చెప్పాడు. ఆదెప్ప తలూపి నీళ్ల తొట్టి దగ్గరికి నడిచాడు. పొద్దుటి నుంచి ఎవరినీ ముట్టుకోలేదు. అయినా చేతులు ముంచి కడగడం మొదలుపెట్టాడు.